యూరియా బస్తా, తిరుపతి మహాసభ, మా నాయన

1991 జులై 25న మా నాయన కొట్టు తెరవలేదు.

పాకాల బజార్లో మాది ఎరువుల కొట్టు. అప్పటికి పన్నెండేళ్లుగా నడుస్తోంది. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప నాయన ఆ తలుపు మూసింది లేదు. అది శెనక్కాయ విత్తే కాలం. రెండు పదునుల వాన పడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దుల బండ్లు వచ్చి కొట్టు ముందర ఆగి ఉన్నాయి. నాయన మాత్రం ఇంట్లో వసారాలో కూర్చుని రేడియో వార్తలు ఒకటికి రెండుసార్లు విన్నాడు. ముందు రోజు సాయంత్రం ఢిల్లీలో మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. ఎరువుల ధర 40 శాతం పెరిగింది.

గోడౌన్లో పాత ధరకు కొన్న సరుకు అరవై బస్తాలు ఉంది. పాత ధరకు అమ్మాలా, కొత్త ధరకు అమ్మాలా అనేది ఒక టెన్షన్. ఇంకో టెన్షన్ దానికంటే పెద్దది. మా నాయన మండల కాంగ్రెస్ కమిటీలో కోశాధికారి. రేటు పెంచింది ఆయన పార్టీనే.

పది గంటలకు లేచి, కండువా వేసుకోకుండానే పోయి తలుపు తీశాడు. ఉన్న అరవై బస్తాలూ పాత ధరకే ఇచ్చేశాడు. మనిషికి రెండు బస్తాలకు మించి ఇవ్వలేదు. సాయంత్రానికి గోడౌన్ ఖాళీ. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు, తిరుపతి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి లెక్క రాసింది నేనే. బస్తా యూరియా దాదాపు 117 రూపాయలు, భాస్వరం కోసం వేసే డీఏపీ 180. మరుసటి వారం వచ్చిన లారీలో అదే యూరియా 165 దగ్గరికి, డీఏపీ 252కి పోయింది. యూరియా ధర అంతకుముందు పదేళ్లుగా దాదాపు అక్కడక్కడే ఉంది. పదేళ్లు దాదాపు ఒకేచోట నిలబడ్డ ధర ఒక్క రాత్రిలో అంత పెరిగితే రైతుకు ఎలా ఉంటుందో కొట్టులో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

"ఏమప్పా, వంద రోజుల్లో ధరలు దించుతామని గోడల మీద రాస్తిరి గదా," అన్నాడు ఒక పెద్దాయన. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. నిజంగానే రాశారు. ఆ ఏడాది కాంగ్రెస్ ఎన్నికల ప్రణాళికలో నిత్యావసరాల ధరలను వంద రోజుల్లో వెనక్కి తెస్తామన్న హామీ ఉంది. మా ఊరి గోడల మీద సున్నం కొట్టి ఆ మాట రాయించింది మా నాయనే. ఆయన దగ్గర జవాబు లేదు. లేకపోవడానికి కారణం ఏమిటంటే, ఎవరూ ఆయనకు చెప్పలేదు. రైతుకూ పార్టీ కోశాధికారికీ ఆ వార్త ఒకే రేడియోలో, ఒకే సమయంలో అందింది.

నేను ఈ పోస్టు రాస్తున్నది ఇందుకోసమే. అధికారంలో ఉన్న పార్టీ దేశ ఆర్థిక స్థితి గురించి, భద్రత గురించి తన మనుషులకు చెప్పడం అనేది ఒక బాధ్యత. దాన్ని ప్రచారంగా కాకుండా బాధ్యతగా చేసిన ఒక ప్రయత్నాన్ని నేను దగ్గరగా చూశాను. అది ఎక్కడ నెరవేరిందో, ఎక్కడ విఫలమైందో కూడా చూశాను.

అసలు ధర పెంచాల్సిన ఆ పరిస్థితి ఎందుకు వచ్చిందో మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది మా మామకు. మా అమ్మ తమ్ముడు కువైట్లో డ్రైవరు. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్లోకి దిగింది. దాచుకున్న దినార్లు చిత్తు కాగితాలయ్యాయి. మామ బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో రోజుల తరబడి డేరాల్లో ఉండి, ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చాడు. అట్లా ప్రభుత్వం వెనక్కి తెచ్చినవాళ్లు లక్షకు పైగానే. మా కడప, చిత్తూరు జిల్లాల పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ ఏడాది దసరా ముందు ఎవరో ఒకరు ఒక సంచితో తిరిగొచ్చారు. మామ నెలనెలా పంపే డబ్బు ఆగింది. ఇట్లాంటి లక్ష ఇళ్లలో ఆగింది. అదే సమయంలో పెట్రోలు, డీజిలు కొనడానికి దేశం ఇచ్చుకోవాల్సిన డాలర్లు పెరిగాయి. వచ్చేది తగ్గి, పోయేది పెరిగింది. అంతకుముందే ఏళ్ల తరబడి చేసిన అప్పులు నెత్తి మీద ఉన్నాయి. బయటి యుద్ధానికీ మన ఇంటి ఖర్చుకూ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది, మా వసారాలో తల వంచుకుని కూర్చున్న మామే.

1991 జూన్ 21న పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లు కూడా కష్టమే. అంతకు నెల ముందు, మే 21 రాత్రి, మాకు నాలుగైదు గంటల దూరంలో ఉన్న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. నాయన ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. జులై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 21 రూపాయలు ఉండేది 26 దగ్గరికి చేరింది. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు బంగారం దాదాపు 47 టన్నులు విమానాల్లో ఇంగ్లండుకు పోయింది. మే నెలలోనే, ముందున్న చంద్రశేఖర్ ప్రభుత్వం కాలంలో, 20 టన్నులు స్విస్ బ్యాంకుకు పోయింది. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు మా బజార్లో డాలర్ల సంగతి ఎవరికీ అర్థం కాలేదు గానీ "కుదువ పెట్టారంట" అన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది. ఆగస్టులో మా అమ్మ గాజులు కూడా బ్యాంకుకు పోయాయి. నూరు బస్తాల డీఏపీ తేవాలంటే అంతకుముందు 18 వేలు చాలు. ఇప్పుడు పాతిక వేలు దాటింది. పైగా రైతులకు అరువు ఇవ్వక తప్పదు. శెనక్కాయ అమ్మితే తప్ప వాళ్ల చేతికి డబ్బు రాదు.

ఢిల్లీలో ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. కాంగ్రెస్ ఎంపీలే ఎరువుల ధర మీద తిరగబడ్డారు. పల్లెల నుంచి గెలిచి వచ్చిన వాళ్లు పార్లమెంటరీ పార్టీ సమావేశంలో సొంత ఆర్థిక మంత్రిని నిలదీశారు. ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆగస్టులో 40 శాతాన్ని 30 శాతానికి తగ్గించారు. యూరియా బస్తా 153కి దిగింది, డీఏపీ 234కి. నాయన ఆ రోజు కండువా వేసుకుని కొట్టు తెరిచాడు. "మన మాట పోయింది పైకి," అన్నాడు. ఆ పన్నెండు రూపాయల తగ్గింపు కంటే ఆయనకు ముఖ్యమైంది ఆ మాటే.

ఇంకొక సంగతి కూడా అప్పటిదే. పరిశ్రమల లైసెన్సుల పద్ధతిని ఎత్తేసే కొత్త విధానం మంత్రివర్గం ముందుకు వచ్చినప్పుడు పార్టీ పెద్దలకు నచ్చలేదు. నెహ్రూ, ఇందిరల దారి వదిలేస్తున్నారని అభ్యంతరం చెప్పారు. పరిశ్రమల శాఖ పీవీ చేతిలోనే ఉంది. ఆయన విధానంలో పెద్దగా ఏమీ మార్చలేదు. ముందు పేజీల్లో నెహ్రూ, ఇందిర, రాజీవ్ చేసిన కృషిని చేర్పించారు. అది వాళ్ల దారికి కొనసాగింపేనని రాయించారు. అప్పుడు ఒప్పుకున్నారు. దీన్ని చాలామంది జిత్తుగా చెప్తారు. నాకు అట్లా అనిపించదు. ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త సంగతి చెప్పేటప్పుడు తాత పేరు ఎత్తకుండా ఎవరు మొదలుపెడతారు? మనసు మారాలంటే పాత మాటతో కలిపి చెప్పాలి. ఆ పని చేయడానికి ఓపిక కావాలి. పీవీకి అది ఉండేది.

నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక వచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. పీవీ ఐదు లక్షల 80 వేల మెజారిటీతో గెలిచారు. నాయన జీపులో పోయి పది రోజులు అక్కడే ఉండి వచ్చాడు. ఆ సంగతి చెప్తే ఇప్పటికీ ముఖం వెలిగిపోతుంది.

ఇక తిరుపతి.

1992 ఏప్రిల్ మధ్యలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభ తిరుపతిలో జరిగింది. నేదురుమల్లి జనార్దన రెడ్డి ముఖ్యమంత్రి. దేశం నలుమూలల నుంచి వచ్చిన ప్రతినిధులతో ఊరు నిండిపోయింది. లాడ్జీలు చాలక సత్రాలు, కల్యాణ మంటపాలు కూడా తీసుకున్నారు. నాయనకు ప్రతినిధి కార్డు లేదు. అది మండలం స్థాయి వాళ్లకు అందేది కాదు. కానీ ఒక సత్రంలో దిగిన వాళ్ల భోజనాలు, నీళ్లు చూసే పని అప్పజెప్పారు. నాకు కాలేజీ దగ్గరే కాబట్టి నన్నూ రమ్మన్నాడు. నాకు హిందీ వస్తుంది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష వరకు రాశాను. ఆ మూడు రోజులూ నేను దుబాసీ.

మా సత్రంలో పంజాబ్ వాళ్లు ఎనిమిది మంది దిగారు. అందులో ఒక పెద్దాయన, అరవై దాటిన సర్దార్జీ, అమృత్‌సర్ జిల్లా వైపు పల్లె. తిరుపతి ఎండకు తట్టుకోలేక రోజంతా మజ్జిగ అడిగేవాడు. మొదటి రాత్రి అందరూ పడుకున్నాక కూడా ఆయన సత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నాయన పోయి పక్కన కూర్చుని నన్ను పిలిచాడు.

"నిద్ర పట్టలేదా సామీ అని అడగరా."

అడిగాను. ఆయన నవ్వి, ఇక్కడ తలుపు తీసి పడుకుంటున్నారే, అది చూస్తే నిద్ర రావడం లేదు అన్నాడు. తన ఊర్లో రెండేళ్లుగా ఒకే ఇంట్లో వరుసగా రెండు రాత్రులు పడుకోలేదట. కాంగ్రెస్ మనిషి అని తెలిస్తే చాలు, ఖలిస్తాన్ అనే వేరే దేశం కావాలనే తీవ్రవాదులు ఇంటికి వచ్చి కాల్చిపోతారు. ఆ ఫిబ్రవరిలోనే పంజాబ్‌లో ఎన్నికలు జరిగాయి. సిక్కుల పార్టీ అయిన అకాలీలలో ఎక్కువమంది బహిష్కరించారు. రాష్ట్రం మొత్తం మీద నూటికి పాతిక మంది కూడా ఓటు వేయలేదు. ఆయన పల్లెలో వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చట. ఆ ఓట్లతోనే బియాంత్ సింగ్ ముఖ్యమంత్రి అయ్యారు.

నాయన తన అన్న కొడుకు గురించి చెప్పమన్నాడు. మా పెదనాయన కొడుకు సీఆర్పీఎఫ్‌లో చేరి అప్పటికి ఏడాదిన్నరగా ఆ జిల్లాలోనే ఉన్నాడు. ఇన్‌లాండ్ లెటర్ వస్తే రెండు వారాలు పట్టేది. వచ్చే లోపల ఏమవుతుందో అని పెద్దమ్మ రోజూ పోస్టుమాన్ కోసం వీధి అరుగు మీద కూర్చునేది. ఆ మాట నేను హిందీలో చెప్పగానే సర్దార్జీ నాయన చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత ఏం మాట్లాడతాడో అని చూస్తున్నాను.

"మీ దగ్గర డీఏపీ ఎంత?" అని అడిగాడు.

నాయన చెప్పాడు. ఆయన తన దగ్గర ధర చెప్పాడు. ఇద్దరిదీ ఒకటే, పన్నుల్లో కాస్త తేడా. గోధుమకు వాళ్లు ఎంత వేస్తారు, వరికి మేము ఎంత వేస్తాం, బోర్లు ఎంత లోతు, కరెంటు ఎన్ని గంటలు... అర్ధరాత్రి దాటే వరకు నేను అటూ ఇటూ మాటలు మోస్తూనే ఉన్నాను. తుపాకీ భయం ఉన్న ఊరి నుంచి వచ్చినాయనకు కూడా మనసులో ఎరువు ధర ఉంది. మా అన్నలాంటి పిల్లలు తుపాకీ పట్టుకుని కాపలా కాస్తేనే ఆయన పొలానికి ఆ ఎరువు చేరుతుంది. ఆర్థికం, భద్రత అని కాగితం మీద రెండు శీర్షికలు వేస్తారు గానీ ఆ మెట్ల మీద రెండూ ఒకే మాటగా వచ్చాయి.

మహాసభలో పీవీ చేసిన అధ్యక్షోపన్యాసం మేము లోపలికి పోయి వినలేదు. మరుసటి రోజు పేపర్లో చదివాం. తొమ్మిది నెలల్లో చేసిన మార్పులు నెహ్రూ దారికి వ్యతిరేకం కావని, అటు పూర్తిగా ప్రభుత్వమే కాకుండా, ఇటు పూర్తిగా మార్కెట్టే కాకుండా నడిమి దారిలో పోవాలని ఆయన పార్టీకి చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ఆయన ఎక్కడ మాట్లాడినా ఒక వాదన వచ్చేది. పరిశ్రమలు పెట్టే పని ప్రైవేటు వాళ్లు చూసుకుంటే, ఆ మిగిలిన డబ్బు ప్రభుత్వం చదువుకూ వైద్యానికీ పల్లెలకూ పెట్టవచ్చు అని. నేను గట్టిగా చదువుతుంటే నాయన ఆపి ఆపి విన్నాడు. "ఇదే మాట జులైలో చెప్పుంటే ఆ పెద్దాయనకు నేను జవాబు చెప్పి ఉందును గదరా," అన్నాడు.

బయటి ప్రపంచం కూడా అప్పుడే తలకిందులైంది. డిసెంబరులో సోవియట్ యూనియన్ ముక్కలైంది. మన సైన్యం దగ్గర ఉన్న విమానాలు, ట్యాంకులు చాలావరకు అక్కడివే. వాటి విడిభాగాలు ఎవరిని అడగాలో, అప్పు ఏ డబ్బులో తీర్చాలో తెలియని స్థితి. జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం. నలభై ఏళ్లుగా అలీనం, సోవియట్ స్నేహం అని విన్న పార్టీ మనుషులకు ఇవన్నీ కొత్తే. సత్రంలో భోజనాల దగ్గర దీని మీద గట్టి గట్టిగా వాదించుకున్నారు. ఒకాయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు కూడా. నాకు అది బాగా నచ్చింది. పార్టీ మనుషులు తమ ప్రభుత్వం గురించి తమలో తాము అంత గట్టిగా వాదించుకోవడం నేను ఆ తర్వాత పెద్దగా చూడలేదు.

మంచి మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పార్టీలో సంస్థాగత ఎన్నికలు జరిగింది అప్పుడే. వర్కింగ్ కమిటీకి ఓట్లు వేశారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ లాంటి పెద్దలు గెలిచారు. గెలిచినవాళ్లలో దళితులు, గిరిజనులు, మహిళలు ఒక్కరూ లేరని చెప్పి పీవీ అందరి చేతా రాజీనామాలు తీసుకుని, తర్వాత తానే కమిటీని నియమించారు. ఆయన చెప్పిన కారణం నిజమే. కానీ ఎన్నికలో తన మాట వినని వాళ్లు గెలిచారన్న సంగతి కూడా అంతే నిజం. నాయన అప్పట్లో పీవీని సమర్థించాడు. ఇప్పుడు అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. ఇరవై ఏళ్లకు ఒకసారి వేసిన ఓటును అట్లా తీసేయకూడదు అంటాడు.

మహాసభ ముగిసిన వారం పది రోజులకే హర్షద్ మెహతా కుంభకోణం పేపర్లకు ఎక్కింది. బ్యాంకుల డబ్బు వేల కోట్లు షేర్ మార్కెట్లోకి మళ్లించిన సంగతి. నడిమి దారి అని విని వచ్చిన నాయన బజార్లో మళ్లీ తల వంచుకోవాల్సి వచ్చింది. దాని మీద పార్టీ నుంచి కింది వాళ్లకు ఒక్క కాగితం రాలేదు.

అయితే నన్ను ఇప్పటికీ బాధించేది కుంభకోణం కాదు, ఆగస్టు 25. 1992 ఆగస్టు 25న ప్రభుత్వం డీఏపీ, పొటాష్ ధరల మీద నియంత్రణ ఎత్తేసింది. యూరియాను మాత్రం నియంత్రణలో ఉంచి, దాని ధర ఇంకా పది శాతం తగ్గించింది. డీఏపీ ఒక్కసారిగా ఎగబాకింది. ఆ తర్వాత టన్నుకు వెయ్యి రూపాయల రాయితీ ప్రకటించినా పాత ధర తిరిగి రాలేదు. రైతు ఏం చేస్తాడు? ఖరీదైనది మానేసి చౌకైనది రెట్టింపు వేస్తాడు. భూమికి నత్రజని (యూరియాలో ఉండేది), భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో పడాలని వ్యవసాయ శాఖ వాళ్లే చెప్పేవారు. దేశం మొత్తం మీద 1991-92లో అది 5.9:2.4:1 ఉంటే, మరుసటి ఏడాదికే 9.5:3.2:1 అయింది. ఈ అంకెలు నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. కానీ మా కొట్టులో నాయన వాటిని అప్పుడే చూశాడు. డీఏపీ బస్తాలు గోడకు ఆనించి అట్లాగే ఉండేవి, యూరియా వచ్చిన రోజే అయిపోయేది. పైరు పచ్చగా ఏపుగా కనిపించేది. రెండు మూడేళ్లకు గింజ తేలిపోవడం, పురుగు ఎక్కువ కావడం మొదలైంది.

నాయన దీన్ని తన తప్పుగా కూడా మోస్తాడు. "మనం అరిస్తే పైన విన్నారు. విని యూరియా తగ్గించినారు. మనం అరవాల్సింది యూరియా కోసం కాదు, అది ఎవరూ మనకు చెప్పలేదు," అంటాడు. కింద నుంచి మాట పైకి పోవడం గొప్ప సంగతే. కానీ పై నుంచి కిందికి పూర్తి లెక్క రాకపోతే, ఆ పైకి పోయే మాట కూడా సగం మాటే అవుతుంది. రాయితీకి ఎంత ఖర్చవుతోంది, ఏ ఎరువు తగ్గితే ఏ నష్టం, ఎన్నాళ్లు ఓర్చుకోవాలి అని ఆ 1991 ఆగస్టులోనే ఎవరైనా పాకాలకు వచ్చి గంటసేపు చెప్పి ఉంటే, మా రైతులకు అర్థమయ్యేది. శెనక్కాయ ధర, వడ్డీ, వాన, మూడూ కలిపి నోటితో లెక్కలు కట్టే వాళ్లకు అర్థం కానిది ఏముంటుంది?

భద్రత విషయంలో మాత్రం ఆ సర్దార్జీకి మంచే జరిగింది. ఏడాది, రెండేళ్లలో పంజాబ్ నెమ్మదించింది. ఆ నెమ్మది వెనక పోలీసుల చేతుల్లో మాయమైన పిల్లలు కూడా ఉన్నారు. ఆ కేసులు తర్వాత కోర్టుల దాకా పోయాయి. దాన్ని దాచి శాంతి అని మాత్రమే రాయలేను. బియాంత్ సింగ్‌ను 1995 ఆగస్టు 31న మానవ బాంబుతో చంపారు. మా అన్న క్షేమంగా రిటైరై వచ్చాడు. అక్కడి సంగతులు అడిగితే రెండు మాటలు చెప్పి లేచిపోతాడు. సర్దార్జీ రెండేళ్ల పాటు కొత్త సంవత్సరానికి గురుముఖిలో కార్డు పంపాడు. మాకు చదవడం రాదు. కింద హిందీలో నాయన పేరు మాత్రం రాసేవాడు. ఆ తర్వాత కార్డులు ఆగాయి.

కొట్టు మూసేసి పద్దెనిమిదేళ్లయింది. నాయనకు ఇప్పుడు ఎనభై నాలుగు. చూపు బాగా తగ్గింది. పొద్దున పేపరు, ఆ తర్వాత ఫోన్లో వచ్చినవి నేనే చదివి వినిపిస్తాను. ఏ పార్టీలోనూ లేడు, కానీ వినడం మానలేదు. 2025 సెప్టెంబరులో ఒకరోజు మా బంధువుల గ్రూపులో ఒక పార్టీ సందేశం వచ్చింది. ఏ పార్టీదో రాయను. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ సందేశాలన్నీ ఒకే తీరులో ఉంటున్నాయి. దేశం ఆర్థికంగా ఎంత ఎదిగిందో, సరిహద్దుల్లో మన సైన్యం ఎంత గట్టిగా జవాబిచ్చిందో, పన్నులు ఎంత తగ్గాయో అందులో ఉంది. ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం మంచి పనే, నాయన కూడా అదే అన్నాడు. సైన్యం గురించి చదువుతున్నప్పుడు లేచి సరిగ్గా కూర్చున్నాడు.

అప్పటికి నెల రోజులుగా తెలంగాణలో, మన దగ్గర కూడా చాలాచోట్ల రైతులు యూరియా కోసం తెల్లవారుజాము నుంచి లైన్లలో నిలబడుతున్నారు. చెప్పులు, పాస్‌పుస్తకాలు లైన్లో పెట్టి చెట్టు కింద కూర్చున్న ఫొటోలు ఆయనకు వర్ణించి చెప్పాను. అప్పుడు 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే. ధర తక్కువే, సరుకే లేదు. డీఏపీలో పెద్ద భాగం బయటి దేశాల నుంచే రావాలి. ఓడలు ఆలస్యమైనా, చైనా ఎగుమతులు బిగించినా, ఎక్కడో యుద్ధం మొదలైనా ఇక్కడ కొట్టు ముందర లైను పెరుగుతుంది. అంటే ఎరువు ఇప్పుడు కూడా భద్రత విషయమే. మామ కువైట్ నుంచి ఒక సంచితో వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది.

సందేశం పూర్తిగా చదివాను. నాయన కాసేపు ఆగి, "ఇంకేమన్నా ఉందా కింద?" అని అడిగాడు.

"లేదు నాయనా, అయిపోయింది."

"మళ్లీ ఒకసారి చదువు. డీఏపీ గురించి ఏమన్నా రాసినారేమో."

మళ్లీ మొదటి నుంచి చదివాను.

"లేదు నాయనా."

"సరే," అని ఆ రోజు వానల సంగతి చదవమన్నాడు.